కథలు రాస్తాను, రాసే స్నేహితులు ఒక్కరూ లేరు. పుస్తకానికి సభ పెట్టాలా?

సిరిచుక్క
మాది నంద్యాల. బ్యాంకులో ఉద్యోగం. ఎనిమిదేళ్ళుగా కథలు రాస్తున్నాను. ఆదివారం అనుబంధాల్లో, వెబ్ పత్రికల్లో కలిపి పద్నాలుగు వచ్చాయి. ఇప్పుడు పుస్తకం వేస్తున్నాను, డీటీపీ అయిపోయింది. "ఆవిష్కరణ సభ హైదరాబాదులోనే పెట్టండి, లేకపోతే పుస్తకం వచ్చిన సంగతి ఎవరికీ తెలియదు" అని ప్రెస్సు వాళ్ళు అంటున్నారు. అసలు సభ ఎలా ఉంటుందో చూద్దామని పోయిన నెల ఒకరి పుస్తకావిష్కరణకి రాత్రి బస్సెక్కి వెళ్ళాను.

అక్కడ అందరికీ అందరూ తెలుసు. "ఏం బావా", "అన్నా, ఎప్పుడొచ్చావ్" అని కౌగిలింతలు. నేను నాలుగో వరుసలో చివరి కుర్చీలో మూడు గంటలు కూర్చున్నాను. నేనూ రాస్తానని చెప్పుకోవడానికి నోరు రాలేదు. పక్కన కూర్చున్న ఒక పెద్దావిడ సంచిలోంచి ఉడకబెట్టిన పల్లీలు తీసి నా దోసిట్లో పోసి, "తినమ్మా, ఇంకా ఐదుగురు మాట్లాడాలి" అన్నారు. ఆ రోజు మొత్తంలో నాతో ఎవరైనా మాట్లాడింది అంతే. తిరుగు బస్సులో ఏడుపొచ్చింది.

ఇంట్లో నా కథలు చదవరు. ఆఫీసులో నేను రాస్తానని తెలియదు. అందుకే ఇక్కడ అడుగుతున్నాను. రాసే స్నేహితులు లేకుండా రచయితగా ఉండొచ్చా? సభ పెడితే నా కోసం ఎవరొస్తారు?

కాకినాడ కాజా
ఆ పల్లీల ఆవిడ పేరు అడిగారా? ముందు అది చెప్పండి.

సిరిచుక్క
లేదండీ. ఆ క్షణంలో తోచలేదు. ముదురాకుపచ్చ చీర ఒక్కటే గుర్తుంది.

ఒంటరి తాటిచెట్టు
సభ వద్దు, సాహితీ మిత్రులూ వద్దు. నేను ఇరవై రెండేళ్ళుగా రాస్తున్నాను, ఏ గుంపులోనూ లేను. స్నేహం పెరిగేకొద్దీ నిజం చెప్పడం తగ్గుతుంది. మీ పుస్తకం బాగుందని నేనంటాను, నాది బాగుందని మీరనాలి. ఇద్దరం సంతోషంగా ఉంటాం, కథ మాత్రం ఉన్నచోటే ఉంటుంది. తలుపేసుకుని రాసుకోండి. చదివేవాడు ఎక్కడో ఒకచోట ఉంటాడు.

మొగలిరేకు
తలుపేసుకుని రాసుకోవడానికి ఆడవాళ్ళకి తలుపున్న గది ఉండాలి కదండీ తాటిచెట్టు గారూ. నా మొదటి ఆరు కథలు వంటింటి గట్టు మీద రాశాను.

సిరిచుక్కా, నీకు జరిగింది నాకూ జరిగింది. ఇంకా ఘోరంగా జరిగింది. రెండు పుస్తకాలు వచ్చాక ఒక సభకి పిలిచారు. వేదిక మీద ఏడుగురు మగవాళ్ళు. నన్ను ప్రార్థనా గీతం పాడమన్నారు. రాదన్నాను. అయితే వందన సమర్పణ చేయమన్నారు. తొమ్మిదింబావుకి నా వంతు వచ్చేసరికి హాల్లో ఊడ్చేవాళ్ళు, నేను, మైకు అబ్బాయి మిగిలాం. ఆ తర్వాత బస్టాండుకి ఎలా వెళ్తావని ఒక్కరూ అడగలేదు. ఆ మైకు అబ్బాయే తన బండి మీద దింపి, బస్సు కదిలేదాకా నిలబడ్డాడు. నా మూడో పుస్తకం అతనికి పంపాను.

సిరిచుక్క
చదువుతుంటే గొంతు పట్టేసింది అక్కా. నేను కూడా ఆ రోజు ఆటో దొరక్క ఇరవై నిమిషాలు రోడ్డు మీద నిలబడ్డాను.

పాలపిట్ట
అక్కా, తొందరపడి వచ్చేసినవనిపిస్తుంది. నేను హైదరాబాదులోనే ఉంటా. సుందరయ్య విజ్ఞాన కేంద్రమైనా, చిక్కడపల్లి త్యాగరాయ గానసభ అయినా, అసలు మీటింగు లోపల జరగదు. అయిపోయినంక బయట ఇరానీ చాయ్ దగ్గర జరుగుతుంది. లోపల పొగిడినాయన అక్కడికొచ్చి "రెండో కథ తేలిపోయింది" అంటడు. నాకు ఇప్పుడున్న నలుగురు దోస్తులూ చాయ్ దగ్గర దొరికినవాళ్ళే. మళ్ళీ వచ్చినప్పుడు చాయ్‌కి ఆగు.

మొగలిరేకు
తమ్ముడూ పాలపిట్టా, నువ్వు ప్రేమతోనే చెప్పావు. కానీ రాత్రి తొమ్మిదిన్నరకి పొరుగూరి ఆడమనిషి చాయ్ కొట్టు దగ్గర ఆగి, తెలియని వాళ్ళ మాటల్లో దూరి, ఆ తర్వాత బస్సు ఎలా అందుకోవాలి? స్నేహాలన్నీ అక్కడే పుడతాయంటే మాకు పుట్టనట్టే. అందుకే భూమిక పత్రిక వాళ్ళు రచయిత్రుల్ని బృందంగా ప్రయాణాలకి తీసుకువెళ్ళడం నాకు అంత గొప్పగా అనిపించింది. రాత్రి ఒకే గదిలో నలుగురం చాపల మీద పడుకుని మాట్లాడుకుంటే వచ్చే స్నేహం వేరు.

పాలపిట్ట
నిజమే అక్కా. నేను ఆ వైపు నుంచి ఎప్పుడూ చూడలేదు. ఇన్నేళ్ళలో మా చాయ్ గుంపులో ఒక్క ఆడమనిషి కూడా ఎందుకు లేదో ఇప్పుడు అర్థమైంది. తప్పు మాది.

పాత ప్రూఫు
విజయవాడలో ముప్పయ్యొక్కేళ్ళు ప్రూఫులు దిద్దాను. తాటిచెట్టు గారి మాట సగం ఒప్పుకుంటాను, సగం ఒప్పుకోను.

మా రోజుల్లో రచయితకీ ప్రెస్సుకీ మధ్య ఒక స్నేహం ఉండేది, దాని గురించి ఎవరూ రాయరు. చేతి కంపోజింగు కాలంలో రచయిత వచ్చి ప్రెస్సులో స్టూలు వేసుకుని కూర్చునేవాడు. కంపోజిటరు అక్షరం అక్షరం పేరుస్తూ కథని అందరికంటే నెమ్మదిగా చదివేవాడు. "ఏవండీ, ఈవిడ పొద్దున పుట్టింటికి వెళ్ళింది కదా, మధ్యాహ్నం ఇక్కడ అన్నం ఎలా వడ్డిస్తుంది?" అని అడిగిన కంపోజిటరు నాకు తెలుసు. ఆ రచయిత అప్పటికప్పుడు పేరా మార్చి, అతనికి టీ చెప్పాడు. తర్వాత పాతికేళ్ళు ఇద్దరూ ఒకరింటి పెళ్ళిళ్ళకి ఒకరు వెళ్ళారు.

ఏలూరు రోడ్డు మీద నవోదయ రామమోహనరావు గారి పుస్తకాల షాపు కూడా అలాంటిదే. కొనడానికి వచ్చినవాళ్ళు, మాట్లాడటానికి వచ్చినవాళ్ళు కలిసిపోయేవాళ్ళు. అక్కడ ఎవరూ ఎవరికీ శాలువా కప్పలేదు.

కాబట్టి అమ్మా సిరిచుక్కా, సభ సంగతి తర్వాత. ప్రూఫులు ఎవరు చూస్తున్నారు?

సిరిచుక్క
నేనేనండీ. మూడుసార్లు చూశాను.

పాత ప్రూఫు
రాసినవాళ్ళకి తమ తప్పులు కనపడవు. మనసు సరిచేసుకుని చదివేస్తుంది. పీడీఎఫ్ నాకు పంపించండి. డబ్బుల ప్రస్తావన తేవద్దు. రిటైరయ్యాక పొద్దుపోవడం కష్టంగా ఉంది, నాకే సాయం చేసినవారవుతారు.

బొంకులదిబ్బ
తాటిచెట్టు గారూ, స్నేహం వల్ల రాత ఎదగదన్నారు. మా విజయనగరం సంగతి చెప్తాను. గురజాడ అప్పారావు, గిడుగు రామమూర్తి ఇక్కడ కలిసి చదువుకున్నారు. ఒకరు వాడుక భాషలో నాటకం రాశారు, ఇంకొకరు ఆ భాష కోసం జీవితాంతం పోట్లాడారు. ఇప్పుడు మనం ఇక్కడ రాస్తున్న తెలుగు వాళ్ళ స్నేహం మిగిల్చిందే. తర్వాతి తరంలో చాసో (చాగంటి సోమయాజులు), శ్రీరంగం నారాయణబాబు, రోణంకి అప్పలస్వామి. ఒకరు కథ, ఒకరు కవిత్వం, ఒకరు ఇంగ్లీషు పాఠాలు. ముగ్గురూ ఒకే ఊళ్ళో కలిసి తిరిగారు. ఇప్పటికీ జనవరి 17న, చాసో పుట్టినరోజుకి, మా ఊళ్ళో కథకుల్ని పిలిచి గౌరవిస్తారు. నేను కుర్రాడిగా ఉన్నప్పుడు ఆ సభలో కుర్చీలు వేయడానికి వెళ్ళి కథలు చదవడం మొదలుపెట్టాను.

కాకినాడ కాజా
శ్రీశ్రీ మహాప్రస్థానం అంకితం కూడా చూడండి. కొంపెల్ల జనార్దనరావుకి. ఆయన ఉదయిని పత్రిక నడిపిన మనిషి, 1937లో చిన్న వయసులోనే పోయాడు. పుస్తకం వచ్చింది 1950లో. పదమూడేళ్ళ తర్వాత కూడా మొదటి పేజీలో స్నేహితుడే ఉన్నాడు.

ఒంటరి తాటిచెట్టు
కాజా గారూ, మీరు చెప్పినవాళ్ళెవరూ ఆవిష్కరణ సభలో పరిచయమైనవాళ్ళు కాదు. బడిలో, వీధిలో, పత్రికాఫీసులో కలిశారు. ముందు మనిషి, తర్వాత రాత. ఇప్పుడు ముందే "సాహితీ మిత్రులు" అని పేరు పెట్టుకుని కలుస్తున్నాం. నేను వద్దన్నది దాన్ని.

బొంకులదిబ్బ
ఈ మాట ఒప్పుకుంటాను.

నాగావళి
కథానిలయం గురించి ఎవరూ అనలేదేంటి? కాళీపట్నం రామారావు మాస్టారు 1997 ఫిబ్రవరి 22న శ్రీకాకుళంలో తెరిచారు. తనకి వచ్చిన అవార్డు డబ్బులు అందులోనే పెట్టారు. తెలుగులో అచ్చయిన ప్రతి కథా ఒకచోట ఉండాలని ఆయన పట్టుదల.

నా సంగతి చెప్తాను. నా మొదటి కథ 1983లో ఒక వారపత్రికలో వచ్చింది. నా దగ్గరున్న ఒక్క ప్రతీ తుపానుకి ఇల్లు కారి ముద్దయిపోయింది. పత్రిక ఎప్పుడో మూతపడింది. పాతికేళ్ళు ఆ కథ లేదనే అనుకున్నాను. మా అబ్బాయికి చెప్తే నమ్మేవాడు కాదు. ఒకసారి కథానిలయంలో ఫిబ్రవరి సమావేశానికి వెళ్ళాను. ఎవరూ తెలియదు, అచ్చం సిరిచుక్క గారిలాగే గోడ పక్కన నిలబడ్డాను. అక్కడ పనిచేసే ఆయన "ఏం కావాలండీ" అని అడిగితే మాటవరసకి కథ పేరు, సంవత్సరం చెప్పాను. లోపలికి వెళ్ళి ఆ సంచిక తెచ్చి నా చేతిలో పెట్టాడు. పేజీ పసుపు పచ్చగా ఉంది. నా పేరు తప్పు అచ్చయింది, అది కూడా గుర్తే. నాకు కాళ్ళు నిలవలేదు. ఆయన కుర్చీ తెచ్చి, మంచినీళ్ళు ఇచ్చి, జెరాక్సు తీయించి ఇచ్చాడు.

మాస్టారు 2021 జూన్‌లో పోయారు. ఆయనతో నేను మొత్తం నాలుగు మాటలు కూడా మాట్లాడి ఉండను. కానీ నా కథని నాకంటే జాగ్రత్తగా దాచిన మనిషిని స్నేహితుడు అనకుండా ఇంకేమంటాను?

సిరిచుక్క
మా అమ్మకి ఫోన్ చేసి ఈ పోస్టు చదివి వినిపించాను.

ఇంటర్ బెంచీ
నాకు ఇరవై రెండేళ్ళు, కవితలు రాస్తాను. సభలకి ఎప్పుడూ వెళ్ళలేదు. నా స్నేహాలన్నీ ఫోన్లోనే. ఒక పెద్ద కవయిత్రికి ధైర్యం చేసి కవిత పంపాను. మూడు వారాల తర్వాత ఏడు నిమిషాల వాయిస్ మెసేజ్ వచ్చింది. వెనక కుక్కర్ విజిల్ వినిపిస్తోంది. "ఆఖరి రెండు పాదాలు తీసెయ్, కవిత అక్కడికే అయిపోయింది" అన్నారు. తీసేశాను. ఆ మెసేజ్ ఇప్పటికీ దాచుకున్నాను. ఇది స్నేహమో కాదో తెలియదు.

మొగలిరేకు
కుక్కర్ దగ్గర నిలబడి ఏడు నిమిషాలు ఇచ్చారంటే స్నేహమే నాన్నా.

సిరాబుడ్డి
ఈ చర్చ మొదటినుంచి చదివాను. నేను పదకొండేళ్ళుగా మా ఊళ్ళో నెలనెలా సాహిత్య సమావేశం నడుపుతున్నాను. సిరిచుక్క గారి పోస్టు నా గురించే రాసినట్టుంది. మా సమావేశానికీ కొత్తవాళ్ళు వచ్చి, వెనక కూర్చుని, వెళ్ళిపోయి ఉంటారు. నేను చూసి ఉండను. హాలు తాళం చెవి కోసం తిరగడం, ఫ్లెక్సీ సమయానికి రాకపోవడం, ముఖ్య అతిథి రైలు లేటు, మైకు గరగర. ఐదున్నరకని వేస్తే ఆరున్నరకి మొదలవుతుంది. ఆ టెన్షన్‌లో తలుపు దగ్గర ఎవరు నిలబడ్డారో కనపడదు. అది కారణమే గానీ, చెప్పుకోదగ్గ సమాధానం కాదు. మీరు వెళ్ళిన సభ నాది కాకపోయినా క్షమించమని అడుగుతున్నాను.

పోయిన ఆదివారం ఒక పని చేశాను. తలుపు దగ్గర నేనే నిలబడి, తెలియని ముఖం కనిపిస్తే పేరు, ఏం రాస్తారు, ఏ ఊరు అని అడిగాను. ముగ్గురు కొత్తవాళ్ళు. అందులో ఒకాయన నాలుగేళ్ళుగా వస్తున్నారట!

ఇక సభ పెట్టడం గురించి, పెట్టేవాడిగా నా అనుభవం. వేదిక మీద అధ్యక్షుడు, ఆవిష్కర్త, ముఖ్య అతిథి, ఆత్మీయ అతిథి, తొలి ప్రతి స్వీకర్త, ఇద్దరు సమీక్షకులు అని ఏడుగురిని కూర్చోబెడితే రచయిత స్పందనకి జనం బస్సులకి వెళ్ళిపోయి ఉంటారు. ఇద్దరు చాలు, అదీ పుస్తకం చదివినవాళ్ళు. రచయిత మొదటే మాట్లాడాలి. ఒక కథ పూర్తిగా చదవాలి. శాలువాలు వద్దు.

గోదారి గట్టు
శాలువా వద్దంటే నేనొప్పుకోను. మా నాన్న పద్యాలు రాసేవారు. ఊరి గుళ్ళో ఒకేఒక్కసారి శాలువా కప్పారు. మూడువందల రూపాయలది ఉంటుందేమో. పోయేదాకా చలికాలం అదే కప్పుకున్నారు. ఇప్పుడు నా దగ్గరుంది. ఇచ్చేవాళ్ళకి మామూలు కావచ్చు, పుచ్చుకునేవాళ్ళకి ఏమవుతుందో మనకి తెలియదు.

సిరాబుడ్డి
మీరన్నది నిజం. ఖర్చు లెక్కలో పడి ఆ కోణం మర్చిపోయాను.

కాకినాడ కాజా
ఖర్చంటే గుర్తొచ్చింది. నా పుస్తకం అచ్చుకి 28 వేలయింది, సభకి 23 వేలు. వచ్చినవాళ్ళు నలభైమంది, కొన్న ప్రతులు పదకొండు. మళ్ళీ పుస్తకం వేస్తే ఆ 23 వేలూ పుస్తకాలు పోస్టులో పంపడానికి పెడతాను. 2024 డిసెంబరులో రిజిస్టర్డ్ బుక్ పోస్టు తీసేశాక పంపడం కూడా భారమే అయింది, అయినా సరే. చదివేవాళ్ళకి పంపితే నెలకో ఉత్తరమో ఫోనో వస్తుంది.

మిషిగన్ మంచు
మా వైపు పద్ధతి వేరు. డెట్రాయిట్ తెలుగు లిటరరీ క్లబ్ 1998 నుంచి ఉంది. నెలకి ఒక పుస్తకం, అందరూ చదువుకుని వచ్చి మాట్లాడతారు. వేదిక, దండలు ఏమీ ఉండవు. ఈ దేశం వచ్చిన కొత్తలో ఆ చర్చకి నన్ను ఒక స్నేహితుడు లాక్కెళ్ళాడు. నేను ఇండియాలో ఉన్నప్పుడు పరీక్షల కోసం తప్ప తెలుగు పుస్తకం చదవలేదు. అక్కడ ఒక డాక్టరు గారు, ఒక ఇంజనీరు, ఒకావిడ ఒకే కథ మీద గంటన్నర వాదించుకుంటుంటే నోరు తెరుచుకుని విన్నాను. బయట మోకాలెత్తు మంచు.

మాకు పుస్తకాలు ఎలా వస్తాయో తెలుసా? ఇండియా వెళ్ళినవాళ్ళు 23 కిలోల పెట్టెలో పచ్చళ్ళు తగ్గించి తెస్తారు. మా అత్తగారు ఒకసారి ఆవకాయ తీసి పక్కన పెట్టి, నేనడిగిన నాలుగు కథల పుస్తకాలు సర్దుకుని వచ్చారు. ఆవిడ కథలు చదవరు. నాకిష్టమని తెచ్చారు.

సిరిచుక్క గారూ, పుస్తకం రాగానే చెప్పండి, వచ్చే నెల మా వదిన వస్తోంది.

తుంగభద్ర
అక్కా, మీది నంద్యాలంటున్నావు, మాది కర్నూలు. రెండో ఆదివారం మేము నలుగురం ఒకరింటి మిద్దె మీద కూర్చుంటాం. పేరూ బ్యానరూ ఏమీ లేవు. ఒకాయన ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరయినాడు, ఒకమ్మ అంగన్‌వాడీ టీచరు, నేను మొబైల్ షాపు పెట్టుకున్నా, ఇంకొకాయన రాయడు, ఊరికే వింటాడు. ఆయనే మాకు ముఖ్యం. ఈసారి నువ్వు రా. అచ్చు కాని కథ ఒకటి పట్టుకురా. తినడానికి ఏమీ తేవద్దు, ఉగ్గాని బజ్జీ మేము చేస్తాం. సాయంత్రం ఐదుకల్లా నిన్ను బస్సెక్కించే బాధ్యత నాది.

కాకినాడ కాజా
రాయకుండా వినే ఆయన్ని మాకూ నెలకోసారి పంపండి.

సిరిచుక్క
వస్తాను. రాస్తుంటే చేతులు వణుకుతున్నాయి.

ఒంటరి తాటిచెట్టు
వెళ్ళండి. నేను వద్దన్నది ఇలాంటివాటిని కాదు.

నేనెందుకలా మాట్లాడానో చెప్పాలి. 2006లో నా మొదటి పుస్తకం వచ్చింది. అచ్చుకి ముందు ఏడుగురు స్నేహితులు చదివారు. అందరూ పల్లెల నుంచి వచ్చినవాళ్ళే. అద్భుతమన్నారు. రెండేళ్ళకి ఎవరో తెలియని రైతు దగ్గరనుంచి కార్డు వచ్చింది. "అయ్యా, మీ కథ బాగున్నది. కానీ ఆషాఢంలో జొన్న కోతలు పెట్టినారు. అది విత్తే కాలం. ఊరి మనిషివి, ఎట్ల మరిచినావు?" అని. ఏడుగురిలో ఒక్కరైనా అది చూసి ఉండరా? చూశారు, నన్ను నొప్పించడం ఇష్టంలేక ఊరుకున్నారు. ఇద్దరు తర్వాత ఒప్పుకున్నారు కూడా. ఆ రోజు నుంచి ఎవరికీ చూపించడం మానేశాను.

పాత ప్రూఫు
ఆ రైతుకి జవాబు రాశారా?

ఒంటరి తాటిచెట్టు
లేదు. సిగ్గేసింది.

మొగలిరేకు
ఆయన డబ్బులు పెట్టి కార్డు కొని, పుస్తకంలో మీ అడ్రసు వెతికి, పోస్టులో వేశాడు. మీరు ఏడుగురి మీద కోపంతో ఎనిమిదో మనిషిని వదిలేశారు.

ఒంటరి తాటిచెట్టు
(రెండు రోజుల తర్వాత) ఆ కార్డు దొరికింది. పాత డైరీలో ఉంది. అడ్రసు చెరిగిపోలేదు. ఈ రోజు ఉత్తరం రాసి, కథ సరిచేసిన పేజీలు జతచేసి పోస్టు చేశాను. ఆయన ఆ ఊళ్ళో ఉన్నారో లేదో, అసలు ఉన్నారో లేదో తెలియదు.

నాగావళి
మంచి పని చేశారు.

సిరిచుక్క
కర్నూలు వెళ్ళొచ్చాను. రాత్రే రాద్దామనుకున్నాను, నిద్ర పట్టలేదు, రాయడమూ కాలేదు.

మిద్దె మీద వేపచెట్టు నీడ. నన్ను కథ పైకి చదవమన్నారు. ఎనిమిదేళ్ళలో నా కథని నేను పైకి చదవడం ఇదే మొదటిసారి. మూడో పేజీ దగ్గర అందరూ కాళ్ళు అటూ ఇటూ మార్చుకోవడం కనిపించింది. అక్కడ సాగదీశానని ఎవరూ చెప్పకుండానే తెలిసిపోయింది. అయిపోయాక చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. వినే ఆయన మాత్రం, "ఆ ముసలామె కొడుకుని అంత తొందరగా క్షమించదమ్మా. మా అమ్మ మా అన్నని పద్దెనిమిదేండ్లు క్షమించలేదు" అన్నారు. తర్వాత వాళ్ళమ్మ గురించి చెప్పారు. నేను రాసినదానికంటే అదే పెద్ద కథ. ముగింపు మళ్ళీ రాస్తున్నాను.

అంగన్‌వాడీ అక్క తన కథ చదివింది. నాకు ఒకచోట అర్థం కాలేదని చెప్పడానికి భయపడ్డాను, తాటిచెట్టు గారి ఏడుగురు గుర్తొచ్చి చెప్పేశాను. ఆమె కాసేపు ముఖం ముడుచుకుంది. తర్వాత పెన్నుతో అక్కడ గీత పెట్టుకుంది. వచ్చేటప్పుడు ఉగ్గాని డబ్బాలో కట్టిచ్చింది.

ఇంకొక సంగతి. మా బ్యాంకులో అటెండరు ఉన్నాడు, చాలా తక్కువ మాట్లాడతాడు. భోజనాల వేళ టేబుల్ మీద ప్రూఫు కాగితాలు మర్చిపోయాను. వచ్చేసరికి నిలబడి చదువుతున్నాడు. "మేడం, ఇది మా వీధి కదా. ఈ బోరింగు కాడ మేము నీళ్ళు పట్టుకున్నాం" అన్నాడు. ఇన్నేళ్ళు ఒకే గదిలో పనిచేశాం. నేనే చెప్పలేదు.

ఇంటర్ బెంచీ
మేడం, అటెండర్ గారి మాట చదివి ఒళ్ళు జలదరించింది.

సిరాబుడ్డి
మరి సభ?

సిరిచుక్క
హైదరాబాదులో పెట్టడం లేదండీ. మా నంద్యాల లైబ్రరీలో అడిగాను, ఆదివారం ఉదయం హాలు వాడుకోమన్నారు. మీరు చెప్పినట్టే ఇద్దరే మాట్లాడతారు, తుంగభద్ర, మొగలిరేకు అక్క. నేను మొదట ఒక కథ చదువుతాను. తొలి ప్రతి మా అటెండరుకి. ఒంటిగంటకల్లా అయిపోతుంది, అందరికీ పగటి బస్సులుంటాయి.

మొగలిరేకు
నేను ముందురోజే వస్తున్నాను. మీ ఇంట్లో చాప ఉందా?

సిరిచుక్క
రెండున్నాయి అక్కా.

గోదారి గట్టు
ఒక్క శాలువా నేను పంపుతాను. కాదనకండి. అటెండరు గారికి.

పాలపిట్ట
మేము హైదరాబాదు నుంచి ముగ్గురం బయల్దేరుతున్నం. ముందురోజే దిగుతం. కుర్చీలు వెయ్యడానికి ఎన్ని గంటలకు రావాలో చెప్పు అక్కా.

కాకినాడ కాజా
నాకు రావడం కుదరదు. పది ప్రతులు నా పేరు మీద రాసుకోండి, డబ్బులు ఈ రోజే పంపుతాను. ఐదు మా కాలేజీ లైబ్రరీకి, ఐదు చదువుతారని నాకు నమ్మకమున్న ఐదుగురికి. ఆ ఆకుపచ్చ చీర ఆవిడ ఎప్పుడైనా కనపడితే ఒకటి ఆవిడకి కూడా నా లెక్కలోనే.

పాత ప్రూఫు
అమ్మా, ప్రూఫులు పూర్తయ్యాయి, దిద్దిన ఫైలు పంపాను. తొమ్మిదో కథలో సుభద్ర సగం నుంచి సుజాత అయిపోయింది, అన్నీ మార్చాను. కొత్త ముగింపు రాశారు కదా, అది మళ్ళీ చూశాను. ఆ ముసలామె తలుపు తీయకుండా, గడప లోపలినుంచే "అన్నం తిన్నావా" అనడం దగ్గర ఆపారు. నేను అక్కడ ఏమీ ముట్టుకోలేదు. 61వ పేజీలో కిందనుంచి నాలుగో పంక్తిలో సుజాత ఇంకొకటి ఉండిపోయింది, ఇప్పుడే కనపడింది. ప్రెస్సుకి పంపకముందే మార్చండి.